పూడిక తీత

నమోదు 1

ఏం రాయాలో తెలియదంటే డాక్టర్ షమీమ్ నవ్వారు. "వంట గురించి రాయండి, పని గురించి రాయండి. మధ్యలో మీది కాదనిపించేది ఏదైనా తగిలితే అది కూడా రాయండి. ఎంత చిన్నదైనా సరే" అని చేతిలో వేలితో నొక్కి రాసే ఈ చిన్న పలక పెట్టారు.

ఏడాదికోసారి చేసే పరీక్షలో నా పూడిక కొంచెం కదిలినట్టు కనిపించిందట. కంగారు పడాల్సిందేమీ లేదన్నారు. ఆ మాట రెండుసార్లు అన్నారు. వాడుతున్న మాత్రలు సగానికి తగ్గించారు, కదులుతున్నదేమిటో ముందు తెలియాలని.

నా పేరు కనకం. మేడగుట్ట కాలనీలో ఉంటాం. మా ఆయన ఈశ్వరరావు గాలిమరల మెకానిక్. మా అమ్మాయి పైడితల్లి, పైడి అంటాం, ఐదో తరగతి. నేను మంచువలల దగ్గర పనిచేస్తాను. పొద్దున్నే గుట్ట మీదికి పాకే మంచు ఈ వలలకు తగిలి నీళ్ళై గొట్టాల్లోకి దిగుతుంది. వలలకు పట్టిన నాచు గీకడం, తెగినచోట కుట్టడం, మళ్ళీ ఎత్తి కట్టడం మా పని. కాలనీ మొత్తం తాగేది ఆ నీళ్ళే. గుట్ట కింద సముద్రం ఉంది కానీ అటువైపు కిటికీ పెట్టుకున్న ఇల్లు ఒక్కటీ లేదు.

పెద్దకెరటం మా పాత ఊరిని తీసుకెళ్ళి ఐదేళ్ళయింది. నేను దొరికినప్పుడు నాకు మాట లేదట. తిండి లేదు, నిద్ర లేదు. అలాంటివాళ్ళు అప్పుడు వందల్లో ఉన్నారు. ఆసుపత్రిలో మాకు పూడిక వేశారు. భరించలేని జ్ఞాపకాల మీద మట్టి కప్పినట్టు కప్పేసి, మిగిలిన గుంటల్లో ఇంటివాళ్ళు చెప్పిన సంగతులు నింపుతారు. నేను మందు మత్తులో ఉంటే మా ఆయన వారాల తరబడి పక్కన కూర్చుని నా జీవితం నాకు చెప్పారు. మా పెళ్ళి, పైడి పుట్టడం, నేను మిషను మీద జాకెట్లు కుట్టడం, నీళ్ళంటే నాకున్న భయం. ఇప్పుడవన్నీ నాకు గుర్తున్నాయి. ఆయన చెప్పినట్టు కాదు, నేను చూసినట్టే.

ఈరోజు సంగతి. గాలి ఎక్కువై పై వరసలో ఒక మోకు తెగింది. వల రెక్కలా కొట్టుకుంటోంది. పరుగెత్తి రెండు కొసలూ పట్టుకుని ముడి వేశాను. వేశాక చూస్తే ఆ ముడి నాకు తెలియదు. చేతులు వాటంతటవే తిప్పి, దూర్చి, బిగించేశాయి. మా మేస్త్రీ బంగారమ్మ వచ్చి లాగి చూసింది.

"ఇది పడవోళ్ళ ముడి కదేటి? తడిసేకొద్దీ బిగుస్తాది. నీకెవలు నేర్పారే?"

"ఎక్కడో చూశానేమో."

మళ్ళీ వేసి చూపించమంది. ఎంత ప్రయత్నించినా రాలేదు. చేతుల వైపు చూస్తే రావడం లేదు.

నమోదు 2

సంతోషంగా ఉన్న ఒక జ్ఞాపకాన్ని పూర్తిగా తలుచుకుని రాయమన్నారు డాక్టరుగారు. నా పెళ్ళి రాద్దామనుకున్నాను.

పందిరి కింద ఉక్కపోత. పెళ్ళికూతురి నుదుట కల్యాణతిలకం చెమటకి కాస్త కరిగింది. బుగ్గచుక్క పక్కన ఒక వెంట్రుక అంటుకుపోయి ఉంది. తీసేద్దామని నేను చెయ్యి చాపితే పెళ్ళికూతురు నవ్వి నా వేలు కొరికినట్టు నటించింది.

ఇక్కడిదాకా రాసి ఆగిపోయాను. నా బుగ్గ మీది వెంట్రుక నాకెలా కనిపించింది?

డాక్టరుగారికి ఫోను చేశాను. పెళ్ళి ఫొటోలు చూసిన జ్ఞాపకం పెళ్ళి జ్ఞాపకంలో కలిసిపోతుందనీ, చాలామందికి అలాగే ఉంటుందనీ చెప్పారు. సరేనన్నాను. కానీ మా ఇంట్లో ఫొటోలు లేవు, అన్నీ కెరటంలో పోయాయి. పైగా ఫొటోలో మల్లెపూలూ చెమటా కలిసిన వాసన రాదు కదా.

ఇంకొకటి కూడా రాయాలి. పొద్దున్న హడావుడిలో ఆయన గ్లాసు పట్టుకుని పొయ్యి దగ్గర అడ్డంగా నిలబడ్డారు.

"బావా, కాస్త పక్కకి జరుగు" అన్నాను.

మాది మేనరికం కాదు. నేనెప్పుడూ ఆయన్ని "ఏమండీ" అనే పిలిచాను. ఆయన చేతిలో గ్లాసు జారి కింద పడింది.

"ఏమన్నావ్?"

"జరగమన్నాను."

ఆయన గుడ్డ తెచ్చి నేల తుడిచారు. తుడిచిందే తుడుస్తూ కూర్చున్నారు. పైడి మాత్రం ఆయన్ని చూడలేదు. చేతిలో ముద్ద అలాగే పట్టుకుని నా వైపే చూస్తోంది.

ఆయన మంచివారు. కోప్పడరు. నా పేరు పెట్టి పిలవరు, "పైడి వాళ్ళమ్మా" అంటారు. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ ముందుగదిలోనే పడుకుంటారు. మొదట్లో నా ఆరోగ్యం కోసమనుకున్నాను. తర్వాత్తర్వాత నేనంటే ఇష్టం లేదేమోనని బాధపడ్డాను. ఇప్పుడు ఏమనుకోవాలో తెలియడం లేదు.

నమోదు 3

పూడిక వేయించుకున్నవాళ్ళు డాక్టరు అనుమతి లేకుండా కింది రేవుకు వెళ్ళకూడదు. కానీ మోకులు తెచ్చే మనిషికి జ్వరం వచ్చింది, వలలు నేలకు వాలి ఉన్నాయి. బంగారమ్మ నా వైపు చూసింది. వెళ్తానన్నాను. అడగకముందే అన్నాను.

రోప్‌వే పెట్టె కిందికి దిగుతుంటే కళ్ళు మూసుకుని భయం కోసం ఎదురుచూశాను. నాకు నీళ్ళంటే భయం. సముద్రం ఒడ్డున చెప్పులు చేత్తో పట్టుకుని దూరంగా కూర్చునే మనిషిని నేను. పెట్టె ఆగింది. తలుపు తెరుచుకుంది. ఉప్పుగాలి ముఖానికి కొట్టింది. భయం రాలేదు. రాకపోయేసరికి పెట్టె తలుపు పట్టుకుని ఇంకొంతసేపు దాని కోసం ఎదురుచూశాను.

మోకుల చుట్ట భుజాన వేసుకుని తిరిగి వస్తుంటే వెనక నుంచి ఎవరో అరిచారు.

"రత్తాలూ! ఒలే రత్తాలూ!"

నేను ఆగాను, తిరిగాను. అప్పుడు గుర్తొచ్చింది, అది నా పేరు కాదని. రత్నం నా చెల్లెలు. నూకరత్నం. పెద్దకెరటంలో పోయింది. దాని గురించి ఎప్పుడడిగినా మా ఆయన "ఇప్పుడా సంగతులెందుకు, నీకు మంచిది కాదు" అని లేచి వెళ్ళిపోతారు.

ఎండుచేపల గంపల మధ్య నుంచి ఒక పెద్దావిడ లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"బతికున్నావేటే! ఐదేళ్ళుగా నీ కోసం ఏడస్తన్నాం కదే! నీటి అడుగున పైపులు బిగించినదాన్ని నీళ్ళు తినేత్తాయా అని నానంటానే ఉన్నాను. నాను, గురమ్మని. పోల్చలేదేటి?"

"నేను రత్నం కాదండీ. వాళ్ళక్కని. కనకాన్ని."

గురమ్మ చేతులు వదల్లేదు. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"కనకం నాకు జాకెట్లు కుట్టింది తల్లీ. కొలతలు తియ్యడానికి నా మీదకి వంగేది. అంత పొడుగు మనిషి. నువ్వు నా భుజానికొస్తన్నావ్."

చేతులు విడిపించుకుని వచ్చేశాను. మోకులు కూడా సగం అక్కడే పడిపోయాయి.

మా పాత ఊరివాళ్ళు మేడగుట్టలో ఒక్కరూ లేరు. అందరినీ దగ్గర్లోని కాలనీలకు పంపితే మా ఆయన అడిగి మరీ ఇక్కడికి మార్పించుకున్నారు. ఇన్నాళ్ళూ ఆ సంగతి నాకు వింతగా తోచలేదు.

నమోదు 4

పైనున్న మూడో నమోదు నేను రెండోసారి రాసింది. మొదట రాసింది ఎవరో తుడిచేశారు.

పొద్దున్న పలక తీస్తే రెండో నమోదు తర్వాత ఖాళీ. నేనే ఏదైనా నొక్కానేమో అనుకున్నాను. తర్వాత రోప్‌వే కార్డు కోసం వెతికితే అదీ లేదు. రేవుకు వెళ్ళేటప్పుడు బంగారమ్మ ఇచ్చింది, చీర కొంగున ముడివేసి పెట్టాను. ముడి అలాగే ఉంది, కార్డు లేదు.

నిన్నంతా తల దిమ్ముగా ఉంది. రేవు సంగతి ఎవరో చెప్పగా విన్నట్టు అనిపించింది. గురమ్మ ముఖం గుర్తు చేసుకోబోతే మంచులో పోయినట్టు పోయింది. హాయిగా ఉంది కూడా. పూడిక వేసిన కొత్తలో ఇలాగే ఉండేది. అది తలుచుకోగానే హాయి కాస్తా పోయింది.

మాత్రల సీసా తీసి చూశాను. ఉండాల్సినదానికన్నా బాగా తగ్గి ఉంది. రాగిజావ చేదుగా ఉందని రెండు రోజుల నుంచీ అనుకుంటున్నాను, పిండి పాతదై ఉంటుందని సరిపెట్టుకున్నాను. పొద్దున్నే నేను వలల దగ్గరికి వెళ్ళి వచ్చేలోపు జావ కాచేది మా ఆయన.

ఇంట్లో ఉండేది ముగ్గురం.

భోజనాల దగ్గర ఆయన్ని గమనించాను. పప్పు కలుపుకుంటున్న ఆ చేతులు ఐదేళ్ళుగా చూస్తున్నవే. అవి నాకేం చేస్తున్నాయో నాకు తెలియదు. "ఏంటలా చూస్తున్నావ్?" అన్నారు. "ఏం లేదు" అన్నాను. ఇద్దరం తల దించుకున్నాం.

ఈ రోజు జావ తాగలేదు. వాళ్ళు చూడనప్పుడు తూములో పోశాను. మధ్యాహ్నానికి తల తేలికపడింది. వల గీకుతుండగా, ఉన్నట్టుండి నా వీపు మీద ఒక బరువు. తడిసిన, వణుకుతున్న బరువు. మెడ దగ్గర చిన్న ఊపిరి. వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ లేరు. బంగారమ్మ నన్ను కూర్చోబెట్టి నీళ్ళు తాగించింది.

పలకని ఇక నుంచి రవికలో పెట్టుకుంటాను.

నమోదు 5

పనికి వెళ్తున్నట్టే బయల్దేరి వంటింటి వెనక నిలబడ్డాను. గోడలో గాలికోసం వదిలిన సందులోంచి పొయ్యి కనిపిస్తుంది. ఆయన జావ దించి, రెండు గ్లాసుల్లో పోసి, ఒకటి మూతపెట్టి, పనిముట్ల సంచి తగిలించుకుని వెళ్ళిపోయారు. అంతే. ఏమీ కలపలేదు. తప్పుగా అనుకున్నానని సిగ్గు వేసింది. లోపలికి వెళ్ళబోతున్నాను.

పైడి వచ్చింది. స్టూలెక్కి మాత్రల సీసా దించింది. రెండు మాత్రలు పీట మీద పెట్టి గరిటె అడుగుతో నలిపింది. బుద్ధిగా, బడి పని చేసుకుంటున్నట్టు, ఒక్క పలుకు కూడా కింద పడకుండా నలిపి నా గ్లాసులో వేసి కలిపింది.

నేను గుమ్మంలోకి వచ్చాను. అది కేక వెయ్యలేదు. చెంచా పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"నాన్న చెయ్యమన్నారా?"

"నాన్నకి తెలీదు."

"పలక తుడిచింది నువ్వేనా? కార్డు కూడా?"

తల ఊపింది.

"ఎందుకమ్మలూ?"

పెదవులు బిగపట్టుకుంది. ఏడుపు రాకుండా ఎలా ఆపుకోవాలో ఆ పిల్లకి బాగా తెలుసు. అంత బాగా ఎప్పుడు నేర్చుకుందో నేనెప్పుడూ ఆలోచించలేదు.

"నీకు నువ్వు గుర్తొచ్చేస్తున్నావ్" అంది.

"నేనెవరు పైడీ?"

దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. పీట మీది పొడిని వేలితో ఒక పక్కకి తోస్తూ, నా వైపు చూడకుండా చెప్పింది.

"పిన్నివి."

పైన గాలిమర తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. నాకు ఆశ్చర్యం కలగలేదు. అదే నన్ను భయపెట్టింది.

తర్వాత పైడి ఆగలేదు. ఐదేళ్ళుగా దాచుకున్నదంతా ఒక్కసారిగా చెప్పేసింది. నీళ్ళు ఇంట్లోకి వచ్చాయి. అమ్మ దాన్ని పిన్ని వీపుకి కట్టింది. "నువ్వు ఈదగలవు, నువ్వెళ్ళు" అంది. ఆ తర్వాత అమ్మ కనిపించలేదు. ఆసుపత్రిలో నాన్న పిన్ని పక్కన కూర్చుని అమ్మ కథలు చెప్తుంటే పైడి మంచం కింద కూర్చుని విన్నది. రోజూ విన్నది. ఒకరోజు పిన్ని కళ్ళు తెరిచి, దాన్ని చూసి "అమ్మలూ" అంది.

"అమ్మ అనేలాగే అన్నావ్. నేను కూడా అమ్మా అన్నాను. అంటే నువ్వు నవ్వావ్. అన్నం తిన్నావ్. ఇంక నేను ఎప్పుడూ పిన్నీ అనలేదు. బళ్ళో కూడా అనలేదు. నిద్రలో అనేస్తానేమో అని..."

మిగతాది చెప్పలేకపోయింది. ఐదేళ్ళప్పటి నుంచీ ఆ పిల్ల నిద్రలో కూడా జాగ్రత్తగా ఉంది. ఇంటికి ఒక్క స్నేహితురాలిని తీసుకురాలేదు.

"నీకు గుర్తొస్తే నువ్వు వెళ్ళిపోతావ్. అమ్మ మళ్ళీ చచ్చిపోద్ది" అంది.

గ్లాసు తీసుకెళ్ళి తూములో పోశాను. దాన్ని దగ్గరికి తీసుకోవాలని చేతులు లేచాయి. ఆ చేతులు ఎవరివో తెలియక ఒక్క క్షణం ఆగాను. ఆ క్షణం అది చూసింది. లేచి వెళ్ళి స్టూలు మీద కూర్చుంది.

నమోదు 6

మధ్యాహ్నం ఆయన భోజనానికి వచ్చారు. నేను వంట చెయ్యలేదు. గుమ్మంలో నన్ను చూడగానే ఆయనకి అర్థమైపోయింది. సంచి కింద పెట్టి గోడకి ఆనుకుని కూర్చున్నారు.

"ఎంతవరకు తెలిసింది?"

"పైడి చెప్పినంతవరకు."

"పైడికి తెలుసా?" అన్నారు. ఆయన ముఖం చూస్తే నిజంగానే తెలియదని నాకు తెలిసింది. ఒకే ఇంట్లో ఒకరికొకరు తెలియకుండా ఇద్దరూ అదే అబద్ధాన్ని కాపలా కాశారు.

నెమ్మదిగా చెప్పారు. "ఆసుపత్రిలో పేర్లు రాసుకునే మనిషి వచ్చి, ఈవిడ మీకేమవుతారని అడిగాడు. ఒంటరివాళ్ళని వేరే శిబిరానికి పంపేస్తున్నారు. పైడి నీ చెయ్యి వదలట్లేదు. వదిలిస్తే నీళ్ళు కూడా ముట్టట్లేదు. మరదలంటే నిన్ను తీసుకుపోయేవారు. భార్య అన్నాను. ఆ ఒక్క మాటే అన్నాను. తర్వాత పూడిక వేస్తామన్నారు, నీ భార్య గురించి చెప్పమన్నారు. చెప్పడం మొదలుపెట్టాను. కనకం గురించి చెప్తుంటే..." ఆగిపోయారు. "చెప్తుంటే అది పక్కన ఉన్నట్టే ఉండేది. ఆపలేకపోయాను."

"నన్ను అడగాలనిపించలేదా?"

"అడగడానికి నువ్వు లేవు రత్నం. కళ్ళు తెరిచి ఉండేవి. లోపల నువ్వు లేవు."

ఆ పేరు ఆయన నోటి నుంచి మొదటిసారి విన్నాను. కనకం అని ఆయన ఒక్కసారి కూడా ఎందుకు పిలవలేదో కూడా అప్పుడే తెలిసింది.

"తర్వాత ఐదేళ్ళు ఉన్నాను కదా బావా."

బావ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. నాకు జాలి వేసింది, అంతకు మించి కోపం వచ్చింది. నన్ను కాపాడాడు. కాపాడి నన్ను లేకుండా చేశాడు. ముందుగదిలో పడుకుని ఒంటరిగా భార్య కోసం ఏడ్చుకున్న మనిషి, నేను నా అక్క కోసం ఏడవడానికి లేకుండా చేశాడు.

నాలుగు బట్టలు సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి వచ్చేశాను. పైడి గుమ్మం దాకా రాలేదు.

నమోదు 7

డాక్టర్ షమీమ్ పాత కాగితాలన్నీ తెప్పించుకున్నారు. ఒక్కొక్కటే చదివి పక్కన పెట్టారు. "మేము పరీక్షించుకోవాల్సింది. ఒక మనిషి మాట మీద ఇంకో మనిషిని కట్టేశాం" అన్నారు చివరికి.

రెండు దారులున్నాయి. మళ్ళీ గట్టిగా పూడిక వేస్తే నేను కనకాన్నే. ఈ వారం రోజులూ గుర్తుండవు. లేదా పూడిక తీసెయ్యాలి.

"తీస్తే అంతా తిరిగొస్తుందా?"

"చాలావరకు. కానీ ఈ ఐదేళ్ళ జ్ఞాపకాలు ఆ మట్టి మీదే మొలిచాయి. తీస్తే కొన్ని వేళ్ళతో సహా వచ్చేస్తాయి. ఏవి పోతాయో ముందుగా చెప్పలేను."

"ఏదీ చెయ్యకపోతే?"

"మీ లోపల ఇద్దరూ తోసుకుంటూ ఉంటారు. ఒకరోజు రోప్‌వే అంచున నిలబడి మీరెవరో తెలియకపోవచ్చు."

పైడికి నేనే చెప్తానన్నాను. బడి వదిలే వేళకు గేటు దగ్గర నిలబడ్డాను. విన్నది. "కొన్ని పోతాయా? నేను కూడా పోతానా?" అంది.

"పోవని చెప్పలేనమ్మలూ."

"అయితే మర్చిపో" అని సంచి లాక్కుని వెళ్ళిపోయింది. మలుపు తిరిగేదాకా చూశాను. వెనక్కి తిరగలేదు.

ఆ పిల్ల కోసమైనా మళ్ళీ పూడిక వేయించుకుందామా అని ఆలోచించాను. నిజంగానే ఆలోచించాను. వేయించుకుంటే తను మళ్ళీ నిద్రలో కూడా జాగ్రత్తపడాలి. పెద్దయ్యేదాకా నా జావలో మాత్రలు నలుపుతూనే ఉండాలి. ఇక అక్క. చనిపోయి ఐదేళ్ళయినా దాని కోసం కన్నవాళ్ళ తరఫున ఏడ్చినవాళ్ళు లేరు. కూతురికి ఏడ్చే వీలు లేదు. చెల్లెలు దాని పేరు పెట్టుకుని తిరుగుతోంది.

తీసెయ్యమన్నాను.

పోకూడదనుకున్నది ఒకటి ఇక్కడ రాసుకుంటున్నాను. రెండో తరగతిలో పైడికి జ్వరం వచ్చి నా ఒళ్ళో పడుకుని, కిటికీలోంచి గాలిమరని చూస్తూ, "దానికి కళ్ళు తిరగవా అమ్మా" అని అడిగింది. తిరుగుతాయి, అందుకే మీ నాన్న వెళ్ళి మందు వేస్తారన్నాను. అంత జ్వరంలోనూ నవ్వింది.

భయంగా ఉంది. లోపల నుంచి పిలుస్తున్నారు.

నమోదు 8

నేను నూకరత్నాన్ని.

నీళ్ళు నడుము దాకా వచ్చాయి. బావ పనికెళ్ళి ఊళ్ళో లేడు. అక్క గోడకి అంటుకుపోయి నిలబడింది. ముగ్గురం వెళ్దాం, నా మెడ పట్టుకో అన్నాను. "ఇద్దర్ని మొయ్యలేవే, ముగ్గురం పోతాం" అంది. తన చీర విప్పి పైడిని నా వీపుకి కట్టింది. చేతులు వణకలేదు. నీళ్ళు చూస్తే వణికిపోయే అక్క, కుట్టుపని చేస్తున్నట్టు శ్రద్ధగా నాలుగు చుట్లు చుట్టి బిగించింది. "వెనకే వస్తాను" అని నన్ను తోసింది. రాదని నాకు తెలుసు. నాకు తెలుసని తనకి తెలుసు.

పైడిని నీళ్ళ ట్యాంకు మీదికి చేర్చి మళ్ళీ దూకాను. మునిగాను, తేలాను, మళ్ళీ మునిగాను. ఇల్లు ఉన్నచోట ఇల్లు లేదు. ఎన్నిసార్లు దిగానో తెలియదు. ఎవరో నన్ను జుట్టు పట్టుకుని పడవలోకి లాగారు. అక్కడితో నా మాట పోయింది.

పూడిక తీసి చాలా రోజులైంది. రాయడానికి ఇప్పటిదాకా చెయ్యి రాలేదు.

పైన గాలిమర గురించి రాసింది చదివాను. ఎవరో రాసిన కథలా ఉంది. ఆ జ్వరం, ఆ ఒడి నాలో లేవు. పైడి బడిలో చేరిన రోజు కూడా లేదు. ఉన్నవి చాలా ఉన్నాయి. దాని నవ్వు ఉంది, అలక ఉంది, అన్నంలో కరివేపాకు ఏరి పళ్ళెం అంచున వరసగా పెట్టడం ఉంది. పన్ను పోయినచోట నాలుకతో తడుముకున్నట్టు తడుముకుంటున్నాను.

రేవులో గురమ్మ ఇంట్లో ఉంటున్నాను. పాత జట్టువాళ్ళు వచ్చి పైపుల పనికి పిలిచారు. ఇంకొన్నాళ్ళు ఆగమన్నాను. బావ తనంతట తానే కాలనీ ఆఫీసుకు వెళ్ళి జరిగిందంతా చెప్పి, అక్క పేరు చనిపోయినవాళ్ళలో రాయించాడు. విచారణ జరుగుతోంది. నన్ను పిలిస్తే ఉన్నది ఉన్నట్టే చెప్తాను. ఒకసారి వచ్చి గురమ్మ అరుగు మీద కూర్చుని వెళ్ళాడు.

"పైడి ఎలా ఉంది?"

"మాట్లాడట్లేదు. కానీ రాత్రుళ్ళు మంచి నిద్ర పోతోంది" అన్నాడు. ఇద్దరికీ ఆ మాట చాలింది.

పైడి మాత్రం రాలేదు. రోప్‌వే పెట్టె దిగినప్పుడల్లా నేను చేస్తున్న పని ఆపి చూస్తాను. గురమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంటుంది. అక్క కోసం నాకింకా ఏడుపు రాలేదు. రావాలని కూర్చుంటాను. రాదు.

నమోదు 9

ఈ రోజు పైడి వచ్చింది.

బడి బట్టల్లోనే, ఒక్కతే వచ్చి గుమ్మం బయట నిలబడింది. నన్ను ఏమనీ పిలవలేదు. గురమ్మే చూసి, "ఎండలో నిలబడిపోయినావేటమ్మా, రా లోనికి" అని చెయ్యి పట్టి తీసుకొచ్చింది. చేపల పులుసు పెడితే తలవంచుకుని తిన్నది. నేను పక్కనే కూర్చున్నాను. ఏదైనా అంటే లేచి పోతుందేమోనని నీళ్ళు పొయ్యడానికి కూడా భయపడ్డాను.

చెయ్యి కడుక్కుని వచ్చి, నాకు కాస్త దూరంగా కూర్చుంది.

"అమ్మ ఎలాగుండేది?" అంది.

నేను నోరు తెరిచాను. చెప్పాల్సినవన్నీ నాలుక చివరే ఉన్నాయి. మిషను, జాకెట్లు, నీళ్ళంటే భయం.

"నాన్న చెప్పినవి కాదు. అవి నాకు కంఠతా వచ్చు" అంది పైడి.

అప్పుడు అర్థమైంది. ఐదేళ్ళు నేనై తిరిగిన కనకం బావకి తెలిసిన కనకం. అంతకుముందు చిన్నప్పటి కనకం ఒకతి ఉంది. ఆమెను ఎరిగినవాళ్ళు ఈ భూమ్మీద నేను తప్ప ఇంకెవరూ మిగల్లేదు.

"మీ అమ్మ పెద్ద తొండి మనిషి" అన్నాను.

పైడి తలెత్తింది.

"అష్టాచెమ్మాలో ఓడిపోవడమంటే ఒప్పుకునేది కాదు. ఒకసారి నేను గెలిచేస్తున్నాను. ఇంకొక్క పందెం పడితే నా కాయ పండుతుంది. మీ అమ్మ నా వైపు చూసింది, గవ్వల వైపు చూసింది, చటుక్కున ఒక గవ్వ నోట్లో వేసుకుని మింగేసింది."

"నిజంగా?"

"నిజంగా. మూడు గవ్వలతో ఆటెలా ఆడతాం? ఆట ఆగిపోయింది. మా అమ్మ నెత్తీ నోరూ కొట్టుకుని, వీధి చివరిదాకా అందరికీ చెప్పింది. గెలెడు అరటిపళ్ళు తెచ్చి మీ అమ్మ ముందు పెట్టారు. తింటూ నా వైపు చూసి కళ్ళెగరేసింది. నాకు ఒక్క పండు కూడా పెట్టలేదు, గవ్వ మింగింది నేను కాదు కదా అని."

పైడి నవ్వింది. పకపకా, కడుపు పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వబోయాను. నవ్వు సగంలోనే తిరగబడింది. కళ్ళెగరేసిన ఆ ముఖం, పదకొండేళ్ళ అక్క ముఖం, బుగ్గలో అరటిపండుతో నా ఎదురుగా వచ్చి కూర్చుంది. నేను మోకాళ్ళ మీదికి వంగిపోయి పెద్దగా ఏడ్చాను. ఐదేళ్ళ ఏడుపు. గురమ్మ లోపలి నుంచి వచ్చి చూసి వెనక్కి వెళ్ళిపోయింది.

పైడి దగ్గరికి జరిగింది. నా మోచెయ్యి పట్టుకుంది. దానికీ కళ్ళ నీళ్ళు కారుతున్నాయి. ఈసారి పెదవులు బిగించలేదు. తుడుచుకోలేదు కూడా. చాలాసేపు అలాగే ఏడ్చాం.

కాస్త తెరిపిన పడ్డాక నా చెయ్యి కుదిపింది.

"చెప్పు పిన్నీ. గవ్వ బయటికొచ్చిందా?"

"వచ్చింది" అన్నాను ముక్కు తుడుచుకుంటూ. "కడిగి తెచ్చి నా ముందు పెట్టింది. పందెం నాదే, మళ్ళీ మొదటి నుంచి ఆడదాం అంది."